దోబ్రిలా పొయ్యి

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం దోబ్రిలా మిరపకాయలు కాల్చే తన పొయ్యిని చక్రాల బండి మీద తోసుకొచ్చి మా పెరట్లో దించింది. "నువ్వే ఉంచుకో లెపా, నాకింక దీంతో పనిలేదు" అంది. మా లెస్కోవత్స్ పట్నం చుట్టుపక్కల ఆడమనిషి నగలు ఇచ్చేసినా ఎవరూ పట్టించుకోరు గానీ, పొయ్యి ఇచ్చేసిందంటే ఊరు వదిలేస్తోందని అర్థం.

సంగతి నాకు ముందే కొంత తెలుసు. స్లొవేనియాలో వాళ్ళ పిన్ని కూతురు కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. వచ్చెయ్యమని ఏడాదిగా పోరుతోంది. అక్కడ మధ్యాహ్నం వేడివేడి భోజనం పెడతారట, వేసవిలో సముద్రం ఒడ్డుకి వెళ్ళి రమ్మని డబ్బులిచ్చి మరీ పంపుతారట. దోబ్రిలాకి మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఇక్కడ ఆమెని కట్టిపడేసేది ఏముంది, పక్కింటి నేను తప్ప? నేను చాలలేదన్నమాట అని లోపల ఉడుక్కున్నాను. సెప్టెంబరులో ఐవార్ మాత్రం, అదే మా కారంలేని పెద్ద ఎర్ర మిరపకాయల నిలవ పచ్చడి, ఎప్పటిలాగే నాతో కలిసి చేసి, అక్టోబరు మొదట్లో బస్సెక్కుతానంది.

మేమిద్దరం ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. ఆమె కాలర్లు కుడుతుంది. నేను ఆఫీసులో కూర్చుని ఎవరు వచ్చారు, ఎవరు సెలవు పెట్టారు అని చూసుకుంటాను. అంటే ఆమె వెళ్ళిపోతుంటే పక్కింటి మనిషిగా ఒకసారి, ఆఫీసు మనిషిగా ఇంకోసారి ఏడవాలి. కాలరు కుదిరేలా కుట్టే చెయ్యి అంత తేలిగ్గా దొరకదు.

మా డైరెక్టరు ఓగ్నెన్ కొత్తగా వచ్చాడు. బెల్‌గ్రేడ్ మనిషి, వయసు తక్కువ, మనసు మంచిదే. మనుషులు ఒక్కొక్కరే జారిపోతున్నారని కంగారుపడి, వాళ్ళని సుఖపెడితే ఎక్కడికీ పోరని నమ్మాడు. ముందుగా అందరికీ జిమ్ము కార్డులిచ్చాడు. పగలంతా మిషను మీద, సాయంత్రం పొలంలో ఒళ్ళు హూనం చేసుకునే ఆడవాళ్ళని పోయి బరువులెత్తమన్నాడు. తర్వాత బుధవారం బుధవారం ఆపిల్ పళ్ళ బుట్టలు పెట్టించాడు. మా ఇళ్ళ వెనక చెట్లు విరగకాసి, రాలిన కాయలు పందులకి వేస్తున్న రోజులవి. మావాళ్ళు మర్యాదకి తలా ఒక పండు తీసుకుని, మర్నాడు తమ చెట్ల కాయలు బస్తాల్లో తెచ్చి ఆయన గదిలో పెట్టారు. పాపం, అది కృతజ్ఞత అనుకున్నాడు.

సెప్టెంబరు వచ్చింది, మిరప పండింది, ఫ్యాక్టరీలో సగంమందికి ఒకేసారి వెన్నునొప్పి వచ్చింది. ఏటా వస్తుంది. డాక్టరుగారు ఎక్కువ ప్రశ్నలు వెయ్యకుండా సెలవు చీటీ రాసిస్తాడు. ఆయన వంటింటి అలమరలో చలికాలమంతా ఎర్ర సీసాలు నిండుగా ఉంటాయి. పాత డైరెక్టర్లు ఈ ఊరివాళ్ళే కాబట్టి వాళ్ళ ఆవిడలకీ అదే వారం వెన్ను పట్టేసేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఓగ్నెన్‌కి ఇది కొత్త. ఖాళీ మిషన్ల మధ్య నిలబడి, ఇదేమైనా అంటువ్యాధా అని నన్నడిగాడు. ఆ మొహం చూసి జాలేసి నిజం చెప్పేశాను. వెన్ను కాదు బాబూ, ఐవార్ అన్నాను. మిరపకాయలు కాల్చాలి, తొక్క తియ్యాలి, మర పట్టాలి, నూనెలో గంటలకొద్దీ కలపాలి, చెయ్యి ఆపితే అడుగంటుతుంది, ఒక్క ఆదివారంలో తెమిలే పని కాదని వివరంగా చెప్పాను.

నోరు మూసుకుని ఉంటే బాగుండేది. రెండ్రోజుల తర్వాత వ్యాను నిండా దుకాణం ఐవార్ దిగింది. ప్రతి సీసాకీ రిబ్బను, మూత మీద మా ఫ్యాక్టరీ ముద్ర. ఇక మీరెవరూ కష్టపడక్కర్లేదు, హాయిగా పనికి రండి అని ఉపన్యాసం కూడా ఇచ్చాడు. మా వైపు ఆడదాని చేతిలో కొన్న ఐవార్ పెట్టడమంటే నీకు చేతకాదని నలుగురిలో చెప్పడమే. సాయంత్రం అందరూ ఇంటికి వెళ్తూ సీసాలన్నీ ఆయన గది తలుపు ముందు పేర్చి పోయారు. ఆయన బయటికి రావడానికి దారి లేక నన్ను కేకేశాడు.

మర్నాడు నాకూ వెన్నునొప్పి వచ్చింది. కొంత కోపంతో వచ్చింది, కొంత నా మిరపకాయలు మెత్తబడుతున్నందుకు వచ్చింది. దోబ్రిలా, నేను పొద్దున్నే పొయ్యి వెలిగించాం. ఆమె కాల్చింది, నేను తొక్క తీశాను. ఇద్దరికీ మోచేతుల దాకా ఎరుపు. ఇది ఆఖరుసారి అన్న మాట ఇద్దరం ఎత్తలేదు. దానికి బదులు, వంకాయ కూడా వేద్దామని నేను, వేస్తే చేతులు విరగ్గొడతానని ఆమె, కొత్త పెళ్ళికూతుళ్ళుగా ఉన్నప్పటి గొడవే మళ్ళీ పడ్డాం.

కళాయి పొయ్యెక్కిన కాసేపటికి గేటు దగ్గర అలికిడైంది. చూస్తే ఓగ్నెన్. జబ్బుపడ్డ మనిషి దగ్గరికి ఉత్తచేతుల్తో రాకూడదని బుట్టనిండా ఆపిల్ పళ్ళు తెచ్చాడు. పరిగెత్తి దాక్కునే వయసు నాకు దాటిపోయింది కాబట్టి కూర్చున్నచోటే ఉన్నాను.

"వెన్ను ఎలా ఉంది లెపోసావా గారూ?" అన్నాడు, నా పూర్తి పేరు పెట్టి.

"వంగితే నొప్పి, లేస్తే నొప్పి" అన్నాను, వంగి తొక్క తీస్తూనే.

దోబ్రిలా నవ్వలేదు. తెడ్డు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. "చొక్కా చేతులు పైకి మడుచుకో నాయనా. అడుగు తగిలేలా కలుపు. ఆపావంటే ఊరుకోను."

ఆయన బుట్ట దించి కలపడం మొదలుపెట్టాడు. ముందు ఒక చేత్తో, తర్వాత రెండు చేతుల్తో. ఐవార్ తుకతుకా ఉడుకుతూ తెల్ల చొక్కా మీద చిందింది. అది మా ఫ్యాక్టరీ చొక్కానే, కాలరు దోబ్రిలా కుట్టిందే. కాసేపటికి ఆయాసపడుతూ, నేనిచ్చిన సీసాల్లోనూ ఇదే కదా ఉంది, మరి అంత కోపం ఎందుకొచ్చింది అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

"నిన్ను పచ్చడి ఎవరడిగారు?" అంది దోబ్రిలా. "పచ్చడి నాకు చేతనవును. ఏటా ఈ నాలుగు రోజుల కోసం ఆ డాక్టరు ముందు కూర్చుని మూలుగుతున్నాను. నా పెరట్లో నేను దొంగలా దాక్కుని చేసుకుంటున్నాను. నేను వెళ్ళిపోతున్నది జీతం చాలక కాదు. ఇంత వయసొచ్చి ఇంకా బడి ఎగ్గొట్టే పిల్లలా అబద్ధాలాడుతుంటే సిగ్గేస్తోంది."

సముద్రం కోసమో భోజనం కోసమో పోతోందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒకే కంచె పంచుకుంటున్నా నాకు తెలియలేదు.

"కలుపు, కలుపు" అంది ఆమె.

తెడ్డుతో గీస్తే కళాయి అడుగు కనబడి, ఆ గీత అలాగే నిలిచేదాకా కలిపించి, పొద్దు వాలాక దించనిచ్చింది. వేడి ఐవార్ రొట్టె మీద రాసి పెడితే ఆయన నిలబడే ముక్క తర్వాత ముక్క తిన్నాడు. వెళ్ళేటప్పుడు దోబ్రిలా బుట్ట ఎత్తి ఆయన చంకలో పెట్టింది. ఆపిల్ పళ్ళు మా పందులు కూడా తినడం మానేశాయి అని చెప్పి పంపింది.

సోమవారం ఆయన మిషన్లు ఆపించి మాట్లాడాడు. ఈసారి ఉపన్యాసం పొట్టిది. ఇకనుంచి ప్రతి శరత్కాలం అందరికీ నాలుగు రోజులు ఐవార్ సెలవు, జీతంతో సహా, వంతులవారీగా. డాక్టరు చీటీ అక్కర్లేదు. మిరపకాయల బస్తాలు పొలాల నుంచి ఫ్యాక్టరీ వ్యానే తెచ్చి ఇళ్ళ ముందు దించుతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు ఫ్యాక్టరీ ఆవరణలో పొయ్యిలు పెట్టుకోవచ్చు. ఎవరి వంతు ముందో దోబ్రిలా గారు చెబితే మేలు అన్నాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. నేను వెళ్ళిపోతున్నాను అని ఆమె అంటుందేమోనని ఆమె నోటికేసే చూశాను. ఆమె మాత్రం కళ్ళజోడు సవరించుకుని, ఎవరి మిరప ఎంత పండిందో చెప్పండి అని మొదలుపెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది గానీ, నిలబెట్టి అడగడానికి భయమేసింది.

ఆ నెలాఖరు దాకా ఫ్యాక్టరీ ఆవరణ పొగతో, పోట్లాటలతో నిండిపోయింది. వంకాయ వేసేవాళ్ళు గోడ పక్కన, వెయ్యనివాళ్ళు గేటు పక్కన చేరారు. ఓగ్నెన్ రెండు వైపులా రుచి చూసి, రెండూ బాగున్నాయని చెప్పి ఇద్దరిచేతా తిట్లు తిన్నాడు. ఒకరోజు డాక్టరుగారు దిగులుగా వచ్చి, అందరూ కులాసాయేనా, ఎవరూ రావడం లేదేమిటి అని విచారించాడు. జాలేసి ఆయనకీ ఒక సీసా చేతిలో పెట్టాం.

బస్సు రోజు రానే వచ్చింది. ఆమె నాకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు, మొండితనంలో ఇద్దరం ఇద్దరమే. పొద్దున్నే కాఫీ పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాను గానీ అది కప్పులోనే చల్లారిపోయింది. బయట రాళ్ళ మీద చక్రాల చప్పుడు వినబడింది. పెట్టె లాక్కుంటూ పోతోంది, చెప్పడానికి కూడా మనసొప్పలేదు దీనికి అనుకుని, తిట్టడానికే తలుపు తీశాను. వాకిట్లో దోబ్రిలా, ఖాళీ చక్రాల బండితో నిలబడి ఉంది.

"పొయ్యి ఏదీ?" అంది.

"ఇచ్చిన వస్తువు వెనక్కి అడుగుతారటే ఎవరైనా?" అన్నాను.

"నీ దగ్గరుంటే తుప్పు పట్టిస్తావు. ఆ పక్క పట్టుకో."

ఇద్దరం ఎత్తి బండి మీద పెట్టాం. నేను బాహాటంగానే ఏడ్చాను. ఆమె చూడనట్టు, పొయ్యి సరిగ్గా తుడవలేదని నన్ను తిడుతూ నిలబడింది. గేటు దాకా తోసుకెళ్ళి అక్కడ ఆగి, వచ్చే ఏడు కూడా మీ పెరట్లోనే చేద్దాం, నీడ బాగుంటుంది అంది.

"మరి పొయ్యి ఎందుకే మోసుకుపోతున్నావు?" అన్నాను.

"నాది కాబట్టి" అంది దోబ్రిలా, బండి తోసుకుంటూ.