తెరిచినవాళ్లదే పని

నేను ఒక మెయిల్ పెట్టెను. చెక్కా లేదు, రేకూ లేదు, తాళం చెవి అంతకంటే లేదు. ఒక బస్సు డిపోలో మేనేజరు పదవికి పుట్టినదాన్ని. మేనేజర్లు వస్తుంటారు, సన్మానాలు చేయించుకుని బదిలీ మీద పోతుంటారు. నేను మాత్రం ఆ కుర్చీ ముందరే ఉంటాను. ఇప్పుడు నా మీద మోపిన నేరం ఏమిటంటే, నేను నిండిపోయానట.

నిండిపోయాను. అయితే ఏమిటట? నాలో ఉన్నదేదీ నేను అడిగి తెచ్చుకున్నది కాదు. పంపినవాళ్లు మీరు, తెరవకుండా వదిలేసినవాళ్లు మీరు, చివరికి చెత్తకుప్ప అని పేరు పెట్టినవాళ్లూ మీరే. రేపు పొద్దున నన్ను మూసేసి కొత్తదాన్ని తెరుస్తారు. ఈలోగా నా మాట నేను చెప్పే పోతాను.

నేను పుట్టిన రోజు డిపోలో పెద్ద సంబరం. అట్టపెట్టెలోంచి కంప్యూటరు దించి, తెరకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు కొన్ని మీటల మధ్యకు పోయాయి. అప్పటి మేనేజరు శేషఫణి గారు కుర్చీలో కూర్చుని, హెడ్డాఫీసుకు నా మొదటి మెయిల్ పంపించారు: "అందినదా?" కాసేపటికి "అందినది" అని జవాబు వచ్చింది. ఆయన వెంటనే ఫోన్ తీసి, "సార్, మీ జవాబు అందిందండీ" అని చెప్పారు. మనుషులకు నా మీద ఉన్న నమ్మకం ఎంతో నాకు ఆ రోజే అర్థమైంది.

శేషఫణి గారిది పాతకాలపు పద్ధతి. మెయిల్ అంటే ఆయన లెక్కలో గాలిలో ఉన్న ఉత్తరం, కాగితం మీదికి దిగితేనే అది నిజం. అందుకని ఒక ఆనవాయితీ పెట్టారు. మెయిల్ ఎవరు తెరిస్తే వాళ్లే ప్రింటు తీయాలి, మూలన సంతకం పెట్టాలి, మేనేజరు బల్ల మీద ఉంచాలి. ఆయన మంచికే పెట్టారు. కానీ ఈ డిపో గతిని మార్చింది ఆ సంతకమే.

ఆఫీసులో ఓబులేసు అని గుమాస్తా ఉన్నాడు. అప్పట్లో హుషారైన మనిషి. పొద్దున రాగానే నన్ను తెరిచి, వచ్చినవన్నీ చదివి, ప్రింట్లు తీసి, అందంగా సంతకాలు పెట్టేవాడు. ఒకసారి పాత టైర్ల గురించి హెడ్డాఫీసు ఏదో వివరం అడిగింది. ఓబులేసు తెరిచాడు, సంతకం పెట్టాడు, బల్ల మీద పెట్టాడు. బల్ల మీద నుంచి ఆ కాగితం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. జవాబు వెళ్లలేదు. విచారణ వచ్చింది. సంతకం ఎవరిదని చూస్తే ఓబులేసుది. మెమో ఇచ్చారు. టైర్లతో ఏ సంబంధమూ లేని మనిషికి ఇంక్రిమెంటు ఆగిపోయింది.

ఆ మర్నాటి నుంచి డిపోలో ఎవరూ ఏదీ చెప్పుకోకుండానే ఒక చట్టం అమల్లోకి వచ్చింది. తెరిచినవాళ్లదే పని. తెరవకపోతే ఎవరిదీ కాదు.

నాలో తెరవని మెయిల్ అక్షరాలు లావుగా, నల్లగా ఉంటాయి. తెరిచాక సన్నబడతాయి. ఆ నల్లదనాన్ని చెడగొట్టడానికి ఇక ఎవరికీ చేయి రాలేదు. అలాగని చదవడం మానేశారనుకునేరు! బయటికి మొదటి వరుస కనిపిస్తుంది కదా, కుర్చీలో వెనక్కి వాలి అదొక్కటీ చదువుకునేవారు. కిటికీలోంచి పక్కింటి పెళ్లి చూసినట్టు చూసి, వెళ్లి టీ తాగేవారు. నిజంగా ముఖ్యమైనదైతే హెడ్డాఫీసువాళ్లే ఫోన్ చేస్తారని వాళ్ల ధీమా. చేసేవాళ్లు కూడా.

ఇలా నేను నిండడం మొదలైంది. పండగ పండగకూ శుభాకాంక్షల బొమ్మలు వచ్చేవి. ఎవరో ఒక పెద్దాయన రిటైరయితే శాలువా కప్పుతున్న ఫొటో ఒక్కటే అన్ని డిపోలవాళ్లూ తలా ఒకసారి పంపేవారు. ఒకరు "అభినందనలు" అంటే ఆ మాటను మిగతా అందరూ అందరికీ తిరిగి పంపేవారు. నేను మోశాను. నాకు నడుము లేదు కాబట్టి సరిపోయింది.

వాటి మధ్యలోనే చింతమాకులపల్లె మెయిళ్లు వచ్చాయి. నేను గొడవపడేది వీటి కోసమే.

చింతమాకులపల్లె టౌనుకు దూరంగా, గుట్ట అవతల ఉంది. అక్కడి ఆడవాళ్లు కనకాంబరాలు, చామంతులు పండిస్తారు. తెల్లారగానే కోసి, గంపలకెత్తి, పొద్దున బస్సులో పూల అంగళ్లకు తెచ్చేవాళ్లు. రోడ్డు తవ్వారని ఆ బస్సు ఆపారు. రోడ్డు బాగైంది, బస్సు మాత్రం తిరిగి వెళ్లలేదు. రెడ్డెమ్మ అనే ఆమె డిపోకు వచ్చి అడిగింది. అప్పుడు ఆమెకు జవాబు చెప్పింది ఓబులేసే.

"ఇప్పుడు నోటిమాటలు లేవమ్మా. అంతా మెయిల్లోనే. నెట్ సెంటర్లో చెప్పి పెట్టించుపో."

రెడ్డెమ్మ పెట్టించింది. ఒకరు చెప్పిన మాటను అంత నిజాయితీగా నమ్మిన మనిషిని నేను ఈ డిపోలో చూడలేదు. మొదటిదాంట్లో వివరంగా రాయించింది. "అయ్యా, రోడ్డు పని అయిపోయింది. బస్సు ఇంకా రాలేదు. ఆటోవాళ్లు గంపలు ఎక్కించుకోరు. పొద్దెక్కితే పూలు వాడిపోతాయి, అంగట్లో అడిగేవాళ్లుండరు. దయచేసి పొద్దున బస్సు వేయండి." అది నల్లగా ఉండిపోయింది. మరుసటి నెల మళ్లీ వచ్చింది. ఆ తర్వాత నెల నెలా వస్తూనే ఉంది. రానురాను మాటలు తగ్గాయి. ఒకటి "అయ్యా, బస్సు" అని మాత్రమే. చివరికి ఒకటి వచ్చింది చూడండి, నాకు ప్రాణం లేదంటారు గానీ దాన్ని మోయడం మాత్రం నాకు కష్టమైంది. "అయ్యా, ఎన్ని రాసినా మీ జవాబు రాలేదు. మీకు ఒంట్లో బాగుందా?"

ఆ వరుస ఓబులేసు బయటి నుంచి చదివాడు. చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, లేచి వెళ్లిపోయాడు. తెరవలేదు.

ఈమధ్యనే కాత్యాయని గారు మేనేజరుగా వచ్చారు. కోస్తావైపు మనిషి, వయసులో చిన్నది. ఆవిడ వచ్చీ రాగానే హెడ్డాఫీసు నుంచి కొత్త మెయిల్ విధానం గురించి ఉత్తర్వు వచ్చింది. తెరిచిన మెయిళ్లు మాత్రమే నెలాఖరున కొత్త పెట్టెలోకి మారుతాయి. తెరవనివి అక్కర్లేనివిగా భావించి తీసేస్తారు. ఈ మాట విని ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది. ఓబులేసు బజ్జీలు తెప్పించాడు.

"మనం శుభ్రం చేసే పనే లేదు మేడమ్. అవే పోతాయి. దేవుడు ఉండాడు."

అదే వారం ఇంకో కాగితం కూడా కదిలింది. ఆపేసిన బస్సుల్లో ప్రజలు అడగనివాటిని శాశ్వతంగా రద్దు చేయమని పైనుంచి అడిగారు. ఆ జాబితాలో చింతమాకులపల్లె ఎదురుగా "అభ్యర్థనలు లేవు" అని టైపు చేసి ఓబులేసు మేనేజరు సంతకానికి పెట్టాడు. అతను అబద్ధం రాయలేదు, ఆ డిపో చట్టం ప్రకారం అది నిజమే. తెరవనిది రానట్టే కదా! కాత్యాయని గారు పెన్ను మూత తీశారు.

ఒక పెట్టె ఏం చేయగలదు చెప్పండి? నాకు చేయి లేదు, నోరు లేదు. నాకు తెలిసిన తిరుగుబాటు ఒక్కటే. నిండిపోవడం. నిండానంటే ఇక లోపలికి ఎవరినీ రానివ్వను, పంపినవాడు ఎంత పెద్దవాడైనా సరే. ఇన్నేళ్లూ కాస్త చోటు మిగుల్చుకుంటూ సర్దుకుపోయాను. ఆ పూట హెడ్డాఫీసు నుంచే పెద్ద శుభాకాంక్షల బొమ్మ ఒకటి దిగింది. ఉన్న చోటంతా అదే తినేసింది. దాని వెనకాలే పెద్ద ఆఫీసరు పంపిన మెయిల్ వస్తే, చోటు లేదని తిప్పి పంపాను. మరొకటి పంపితే దాన్నీ తిప్పి పంపాను. హాయిగా అనిపించింది, ఆ మాట దాచను.

ఫోన్ మోగింది. కాత్యాయని గారు పెన్ను కింద పెట్టి ఎత్తారు. అవతలి కేకలు గదంతా వినిపించాయి. సాయంత్రంలోగా పెట్టెలో చోటు చేయాలని చెప్పి పెద్ద ఆఫీసరు పెట్టేశారు.

"నెలాఖరుదాకా ఆగక్కర్లేదు మేడమ్. ఉన్నవన్నీ ఒక్కసారిగా ఎంచి తుడిచేస్తే సరి" అన్నాడు ఓబులేసు. ఆవిడ నా ముందుకు కుర్చీ లాక్కున్నారు. అన్నీ ఎంచారు. నేను చేసిన తిరుగుబాటు నా మెడకే చుట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి రెడ్డెమ్మ వచ్చింది. చంకలో ఖాళీ గంప, కొంగున చెమట.

"సార్, బస్సును ఇంక ఎప్పటికీ తీసేస్తారంట, అంగట్లో చెప్పుకుంటా ఉండారు. నిజమేనా?"

ఓబులేసు ఆమెవైపు చూడలేదు. "మెయిల్ పెట్టమ్మా" అన్నాడు, అలవాటు కొద్దీ.

"పెడతానే ఉండాను కదా సామీ! నువ్వు చెప్పినకాడ్నించి ఒక్క నెల తప్పలేదు. అవి యాడికి పోతా ఉండాయి?"

కాత్యాయని గారి వేలు మీట మీదే ఆగింది. ఆవిడ తల తిప్పి, "మీ పేరేంటమ్మా?" అని అడిగారు. పేరు చెప్పగానే వెతికారు. రెడ్డెమ్మవి నేను వరసగా ఆవిడ ముందు పెట్టాను. పైనుంచి కిందిదాకా అన్నీ నల్లగానే ఉన్నాయి.

"ఓబులేసు గారూ, ఏంటండీ ఇవి? అభ్యర్థనలు లేవని రాశారు కదా?"

"తెరవద్దు మేడమ్, మీకు తెలీదు" అన్నాడు ఓబులేసు, గొంతు తగ్గించి. "తెరిస్తే సంతకం పెట్టల్ల. సంతకం పెడితే ఇన్నాళ్లూ ఏం జేస్తాండిరి అని మిమ్మల్నే అడుగుతారు. మీరు వచ్చి పట్టుమని నెల కాలేదు. మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి?"

ఆవిడ భయపడ్డారు. భయపడలేదని నేను చెప్పను. కొంచెంసేపు తెరవైపు, కొంచెంసేపు గుమ్మంవైపు చూశారు. ఆ కాసేపూ నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది. తరువాత అన్నిటికంటే కిందిది, మొట్టమొదటిది నొక్కారు. ఏళ్ల తరబడి నల్లగా ఉన్న ఆ వరుస సన్నబడింది. ప్రింటు తీసి మూలన సంతకం పెట్టారు. ఆ తర్వాతది తెరిచారు. ఒంట్లో బాగుందా అని అడిగినదాని దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

"మాకు ఒంట్లో బాగానే ఉందమ్మా, బుద్ధికే బాగోలేదు" అన్నారు రెడ్డెమ్మతో. "కూర్చోండి."

రద్దు కాగితం చించేశారు. రెడ్డెమ్మ మెయిళ్లన్నీ జతచేసి, బస్సు తిరిగి వేయడానికి అనుమతి ఇవ్వమని హెడ్డాఫీసుకు రాశారు. ఆ పూటకు పెద్ద బొమ్మను తీసేసి చోటు చేశారు. ఆ తర్వాత మిగిలిన నా బరువును రోజూ కాస్త దించుతూ వచ్చారు. ఒక్కోటీ చూసి, పనికొచ్చేవి ఉంచి, శాలువాలూ శుభాకాంక్షలూ తీసేశారు. నేను దానికి అడ్డు చెప్పలేదు. చూసి తీసేస్తే చెత్త, చూడకుండా తీసేస్తే అన్యాయం. నా గొడవంతా ఇంతే.

ఈ రోజు సాయంత్రం పైనుంచి రెండు మెయిళ్లు వచ్చాయి. రెండూ నల్లగా ఉన్నాయి. ఒకదాని మొదటి వరుసలో చింతమాకులపల్లె బస్సుకు అనుమతి అని ఉంది. రెండోదాంట్లో ఇన్నాళ్లూ మెయిళ్లు తెరవనందుకు మేనేజరు సంజాయిషీ ఇవ్వాలి అని ఉంది. కాత్యాయని గారు మొదటిదాన్ని తెరిచారు. రెడ్డెమ్మ నంబరుకు ఫోన్ చేసి, రేపట్నుంచి బస్సు వస్తుందని చెప్పారు. అవతల ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకోవడం ఇక్కడిదాకా వినిపించింది. ఫోన్ పెట్టేశాక ఆవిడ చేయి రెండోదాని మీదికి వెళ్లింది.

దాన్ని అలాగే వదిలేస్తే రేపు నాతోపాటే పోతుంది. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ కోసం ఆ ఒక్కటీ మింగేయడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

ఓబులేసు లేచి వచ్చాడు. "మీరు లేయండి మేడమ్" అన్నాడు.

"నా పేరు మీద వచ్చింది కదండీ."

"పేరు మీది, మెయిళ్లు తెరవకుండా పెట్టింది నేను. లేయండి."

ఆ కుర్చీలో కూర్చుని, ఎన్నో ఏళ్ల తరువాత ఓబులేసు నాలో ఒక మెయిల్ తెరిచాడు. ప్రింటు తీశాడు. మూలన సంతకం పెట్టాడు. మునుపటంత అందంగా రాలేదు.

"తెరిచినందుకు ఒక మెమో తింటిని" అన్నాడు సంతకం వైపు చూస్తూ. "తెరవనందుకు తినేది ఇదే మొదలు. ఇది మాత్రం నాదే మేడమ్."

కంప్యూటరు కట్టేసి ఇద్దరూ వెళ్లిపోయారు. నాలో ఇప్పుడు నల్లటి వరుస ఒక్కటి కూడా లేదు. నిండిపోయానని నన్ను తప్పుపట్టినవాళ్లకు నేను క్షమాపణ చెప్పుకోను. నేను నిండకపోయి ఉంటే రద్దు కాగితం మీద సంతకం పడిపోయేది, ఆ బస్సు ఉండేది కాదు. రేపు పొద్దున అది గంపలేసుకుని డిపో ముందు నుంచి పోయే వేళకు నన్ను మూసేసి ఉంటారు. మూయనివ్వండి.