లోపలి దెబ్బ, బయటి దెబ్బ

“అక్కడ లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావురా?” అంది తల్లి.

కొడుకు మంచం అంచున కూర్చుని ఎడమకాలి బూటుకి లేసు బిగించుకుంటున్నాడు. ఆ బూటు అడుగున మూడంగుళాల మందం చెక్క, దాని కింద రబ్బరు. అరిగినప్పుడల్లా తను పనిచేసే లేత్ షాపులోనే కొత్త చెక్క చెక్కుకుంటాడు. కుడికాలిది మామూలు బూటే. యాభై మూడేళ్లొచ్చినా, లేసు ముడేసేటప్పుడు నాలుక కొస బయటపెట్టే అలవాటు చిన్నప్పటి నుంచీ పోలేదు.

“ఆగితే నిలబడతాం. బస్టాపులో నిలబడ్డంలేదూ?” అన్నాడు తలెత్తకుండానే.

మరో రోజైతే ఆవిడ అక్కడితో వదిలేది కాదు. లిఫ్టు నుంచి మెట్లకి, మెట్ల నుంచి నెత్తిమీద ఊడిపడే ఫ్యానుకి వెళ్లేది. ఇవాళ ఆ ఒక్క మాటతో నోరు మూసుకుని సంచీ సర్దుకుంది. సంచీలో ఎప్పుడూ ఉండేవే ఉన్నాయి. టార్చిలైటు, పిన్నీసులు, జ్వరం మాత్రలు, ఒక జత లేసులు, ఇంటి చిరునామా రాసిన చీటీ. మా అమ్మ సంచీ ఒకటుంటే చాలు, ఊళ్లో ఆంబులెన్సులన్నీ అమ్మేసుకోవచ్చని కొడుకు షాపులో అందరినీ నవ్విస్తుంటాడట. ఆవిడది పుట్టుభయమని చుట్టాలు ఏనాడో తేల్చేశారు. ఫోను మోగితే ఎవరో పోయారంటుంది, మోగకపోతే ఆ కబురు చెప్పేవాళ్లు కూడా పోయారంటుంది.

ఈ వారం మాత్రం ఆవిడ భయమంతా బీరువా మీద ఉన్న పెద్ద కవరులోకి వెళ్లి కూర్చుంది. ఎడమ మోకాలు వాస్తోందని కొడుకు ఆ కాలికి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఇంటికొచ్చి ఫిలిం కిటికీకి ఎత్తిపట్టి, వెలుతురు పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. డాక్టరేమన్నాడని ఆవిడ అడగలేదు. అతనూ చెప్పలేదు. తుమ్మితే చాలు ఏమైందిరా అనే మనిషి, ఏడు రోజులుగా కొడుకుని ఒంటి సంగతి ఏదీ అడగడం లేదు. ఏ మాట మొదలుపెట్టినా అది చుట్టూ తిరిగి ఆ కాలి దగ్గరికే వస్తుందేమోనని.

ఆ కాలు పుట్టుకతోనే అలా ఉందని ఆవిడ అందరికీ చెప్పింది. కట్టుకున్నవాడికీ అదే చెప్పింది. ఆయన అదే నమ్మి, ఆ నమ్మకంతోనే పోయాడు. కొడుక్కీ అదే చెప్పింది.

బస్సులో కొడుకు కిటికీ పక్కన కూర్చుని ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. పొద్దుటి పూటే, చల్లగా ఉంది, అయినా నుదుటి మీద చెమట. కర్ర మోపే భుజం కదా, ఇంకో చేతికి మార్చుకోరా అనబోయి మింగేసింది. మొహం అలా పెట్టాడంటే నా మీద కోపమే, కడుపులో పెట్టుకుని ఉడికిపోతున్నాడు అనుకుంది.

లిఫ్టు ఆగలేదు. రెండో అంతస్తులో హాలు తలుపులు బార్లా తీసున్నాయి. నలభై బల్లలు, వాటి మీద ఆకుపచ్చ గుడ్డలు, బల్లకో చిన్న దీపం. ఏడాదికోసారి అచ్చుతప్పిన నాణేలు పోగేసేవాళ్లంతా ఇక్కడ కలుస్తారు. బొమ్మ పక్కకి జరిగి పడ్డవి, ఒకే ముఖం మీద రెండు గుద్దులు పడ్డవి, అంచు ఎవరో కొరికినట్టున్నవి, ఏ బొమ్మా పడకుండానే బయటికొచ్చేసిన నున్నటి బిళ్లలు తెచ్చుకుంటారు. సరిగ్గా ఉన్న నాణెం తెచ్చినవాడికి ఇక్కడ టీ కూడా పోయరు. మొదటి ఏడాది ఆవిడ నోరు వెళ్లబెట్టి చూసింది. ఎవరి తప్పు వాళ్లు దాచుకునే లోకంలో, వీళ్లేమిటి, తప్పులకి గాజు మూతల పెట్టెలు చేయించి దీపం కింద పెడతారూ అని.

కిటికీ పక్క చివరి బల్ల కొడుకుది. అతను కొనడు, అమ్మడు. ఇరవై ఏళ్లుగా ఊరికే తీర్పు చెప్తున్నాడు. ముప్పై ఏళ్లు లేత్ మీద ఇనుము కోసిన చేతులకి లోహం గుట్టు తెలుసని అందరికీ గురి. అందుకే ఇక్కడ అతను మాస్టారు. షాపులో మాత్రం కుంటోడే.

అతను చెప్పాల్సింది ఒక్కటే. నాణేలు అచ్చువేసే చోట, ఆ గోడ లోపల జరిగిన తప్పైతే అది అరుదైన నాణెం, నలుగురూ మూగుతారు. గోడ దాటాక ఎవరో సుత్తితో మోదిందో, వైసులో బిగించి నొక్కిందో, రైలు పట్టా మీద పెట్టిందో అయితే అది ఉత్త దెబ్బతిన్న నాణెం. మొదటిది లోపలిది, రెండోది బయటిది. అచ్చులో ఉన్నప్పుడు లోహం పారుతుందనీ, బయట కొడితే నలుగుతుందనీ, పారిందో నలిగిందో అంచు చూస్తే తెలిసిపోతుందనీ అతను అడిగిన ప్రతివాడికీ ఓపిగ్గా చెప్తాడు.

ఆ పొద్దున రిటైరైన పోస్టుమాన్ ఒకాయన నాలుగు మడతల కాగితం విప్పి నాణెం బల్ల మీద పెట్టాడు. దాని మీద రెండు తలలు, ఒకదాని మీద ఒకటి. తండ్రి చొక్కా జేబులో దొరికిందట, ఏడాది నుంచి ఈ రోజు కోసమే దాచాడట. కొడుకు భూతద్దం పెట్టి రెండు వైపులా చూశాడు, అంచు చుట్టూ తిప్పాడు, మళ్లీ చూశాడు.

“బయటిదండీ,” అన్నాడు. “రెండు నాణేలు కలిపి వైసులో నొక్కారు. మీ నాన్నగారు కాదు, ఆయన చేతికి రాకముందే ఎవరో చేశారు.”

పోస్టుమాన్ కాగితం పాత మడతల మీదే మళ్లీ మడిచి, థాంక్సండీ అని వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర తప్పుదారి పట్టి ఒకసారి గోడవైపు నడిచాడు.

మధ్యాహ్నం బల్ల మీదే డబ్బా విప్పుకున్నారు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు. ఆ పోస్టుమాన్ మొహం ఆవిడని వదల్లేదు.

“లోపలిదని చెప్తే నీదేం పోయిందిరా?” అంది. “ఎంత ఆశగా తెచ్చుకున్నాడో పాపం.”

“నేనేం చెప్పినా దెబ్బ తగిలిన చోటే తగిలింది కదమ్మా.”

సగం తిన్న గుడ్డు డబ్బాలో పెట్టేశాడు. తినబుద్ధి కావట్లేదన్నట్టు చెయ్యి తుడుచుకున్నాడు. ఆ తర్వాత, బల్ల మీద నాణెం గురించి అడిగినంత మామూలుగా అడిగాడు.

“నాదెక్కడ తగిలింది?”

ఆవిడ డబ్బా మూత చేతిలోకి తీసుకుంది.

“కోపం లేదమ్మా. పసితనంలో ఎముక విరిగి, కట్టు కట్టించక అలాగే అతుక్కుందన్నాడు డాక్టరు. ఎలా విరిగిందన్నాడు. తెలీదన్నాను. తెలుసుకుందామని, అంతే.”

మూత పక్కకి పడుతోంది. మూడుసార్లు ప్రయత్నించింది. టీ తెస్తానని లేచింది.

తేలేదు. హాలు ఇవతలి చివర, గుమ్మం పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుండిపోయింది. అక్కడి నుంచి కొడుకు చిన్నగా కనిపిస్తాడు. మాట వినపడదు. ఆవిడకి కావలసిందీ అదే.

వాడికి అప్పుడు నాలుగో నెల. ఆవిడ బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని నుంచి వచ్చి, వీధి గుమ్మంలో కూర్చుని పాలిస్తోంది. ఎండ వెచ్చగా తగిలి కళ్లు మూతలు పడ్డాయి. ఒళ్లో బరువు ఎప్పుడు పోయిందో తెలీదు. కళ్లు తెరిచేసరికి వాడు మూడు మెట్ల కింద, గోనె పట్టా మీద ఉన్నాడు. భర్త కోపం ఎలాంటిదో ఆవిడకి తెలుసు. మూడు రోజులు పాత చీర ముక్క చుట్టి, నూనె రాసి, ఏడిస్తే కడుపునొప్పని చెప్పింది. నాలుగో రోజుకి ఏడుపు తగ్గింది. వాడు నిలబడే వయసుకి కాలు పొట్టిదని అందరికీ తెలిసింది. పుట్టుకతోనే అయ్యుంటుందని ఎవరో అన్నారు. అవునంది. ఆ మధ్యాహ్నానికి ముందు ఆవిడకి చీకటన్నా, మెట్లన్నా, దేవుడన్నా కూడా భయం లేదు.

అవును అన్న ఆ ఒక్క మాట అక్కడితో ఆగలేదు. కొడుక్కి ముప్పై నిండకముందే మూడు సంబంధాలు వెనక్కిపోయాయి, పుట్టుకతో వచ్చిందైతే రేపు పిల్లలకీ వస్తుందేమోనని. మూడో పిల్లకి వాడంటే ఇష్టం. పెద్దవాళ్లకి తెలియకుండా ఒక్కతే ఇంటికొచ్చి అడిగింది, చిన్నప్పుడెప్పుడైనా పడ్డాడా అత్తయ్యా, పడ్డాడని ఒక్క మాట చెప్పండి, మావాళ్లని నేను ఒప్పిస్తాను అని. భర్త లోపలి గదిలో పేపరు చదువుతున్నాడు. లేదమ్మా, అంది ఆవిడ. ఆ పిల్ల చెప్పులు తొడుక్కుని వెళ్లిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

దూరంగా కొడుకు చొక్కా పై గుండీ తీసుకున్నాడు. చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. ఎడమ చెయ్యి రెండుసార్లు విదిలించాడు. మరో రోజైతే ఈపాటికి ఆవిడ సంచీతో పరిగెత్తేది, హాలంతా హడలగొట్టేది, డాక్టరు కావాలనేది. కుర్చీలోంచి సగం లేచింది కూడా. వెళ్తే మళ్లీ అడుగుతాడని కూర్చుండిపోయింది. జీవితమంతా రాని ప్రమాదాలకి ఎదురెళ్లిన మనిషి, ఆ ఒక్కదానికి అడ్డం వెళ్లలేదు.

నాలుగున్నర దాటాక జనం పలచబడ్డారు. నిర్వాహకుడు దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వస్తున్నాడు. ఆఖరున ఒక దర్జీ మెడలో టేపు అలాగే వేలాడుతుండగా ఆదరాబాదరాగా వచ్చి, నాణెం ఒకటి మాస్టారికిచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కొడుకు దాన్ని తీసుకుని, దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం మీదికి వంగాడు. ఎడమ మోచెయ్యి బల్లకి ఆనింది. నుదురు పిడికిలికి ఆనింది. వంగినవాడు వంగినట్టే పోయాడు. కుర్చీ కూడా కదల్లేదు.

దర్జీకి ఆ సంగతి తెలీదు. మాస్టారు తొందరపడి చెప్పే మనిషి కాదని అందరికీ తెలుసు గనక అతను చేతులు కట్టుకుని వేచి ఉన్నాడు. నిర్వాహకుడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. మాస్టారి బల్ల మీది దీపం ఒక్కటే ఆర్పకుండా వదిలేశాడు.

ఆవిడ లేచింది. ఇంటికెళ్లే బస్సులో పక్కపక్కన కూర్చోవాలి. ఆ గంటసేపు వాడి మౌనం పక్కన కూర్చోవడం కన్నా చెప్పేయడమే నయం. తిడితే తిడతాడు. మాట్లాడటం మానేస్తే మానేస్తాడు. నలభై బల్లల మధ్య నుంచి, గుడ్డలు తీసేసిన బల్లల అంచులు పట్టుకుంటూ నడిచింది. యాభై మూడేళ్ల దూరం నడిచినట్టుంది. కొడుకు వెనక నిలబడింది. మొహం చూస్తే నోరు పెగలదని ముందుకి వెళ్లలేదు. చెవి దగ్గరికి వంగింది.

“బయటిదేరా,” అంది. “నా ఒళ్లోంచి జారావు. నాకు నిద్రపట్టేసింది. మీ నాన్నకి భయపడి మూడు రోజులు ఎవరికీ చూపించలేదు. పుట్టినప్పుడు నీకు ఏ వంకా లేదు.”

మొదటి మాట ఒక్కటే చెవినపడ్డ దర్జీ, తీర్పు వచ్చేసిందనుకుని తల దించుకున్నాడు. దీపం కింద, కొడుకు రెండు వేళ్ల మధ్య ఆ నాణెం ముఖం మీద ఎక్కడా వేలు పడకుండా అంచుల మీదే నిలబడి ఉంది.