చీర కోసం ఆడిన మూడుముక్కలు

నేను ఒక పేకముక్కల కట్టను. పట్నంలో మిషను నన్ను ముక్కలుగా కోసి, రాజులకు మీసాలు దిద్ది, మైనం పూసి డబ్బాలో పెట్టింది. మొదట ఒక లారీ డ్రైవరు దగ్గర ఉన్నాను. డైమను జాకీ మొహం మీది టీ మరక ఆయన పెట్టిందే. ఒకరోజు ఆయన పెళ్లాం నన్ను డబ్బాతో సహా రోడ్డు మీదికి విసిరేసింది. అటుగా వస్తున్న భద్రయ్య దులిపి ఇంటికి తెచ్చుకున్నాడు. అలా సముద్రం ఒడ్డున నేతపేటలో ఆయన ఇంటి గూట్లో నా కాపురం మొదలైంది.

అక్కడ నాకు పని ముసురు రోజుల్లోనే. ముసురు పడితే మగ్గం గుంటల్లో నీరు ఊరుతుంది. కాళ్లు పెట్టడానికి ఉండదు, నేత ఆగిపోతుంది. చేతులు ఊరికే ఉండలేవు కదా, నన్ను పట్టుకుంటాయి.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. ఏటా చౌడేశ్వరమ్మకు కట్టే చీర ఎవరు నెయ్యాలో మూడుముక్కలాటలో తేలుస్తారు. పందెం ఖాళీ కండెలు, దారం చుట్టే బుల్లి గొట్టాలన్నమాట. తలా ఒక గంపెడు. గంప ఖాళీ అయినవాడు లేచిపోవాలి. చివరికి మిగిలినవాడిది చీర. అమ్మవారు ముక్కల్లో కూర్చుని తనకు నచ్చినవాణ్ణి గెలిపిస్తుందంటారు. నాకైతే ఎప్పుడూ బరువు తెలియలేదు.

ఆ ఏడు భద్రయ్యకు ఆ చీర కావాలి. కళ్లకు పొర కమ్ముతోంది. ఆ రోజుల్లో కళ్ల డాక్టరు ఆ దరిదాపుల్లో లేడు. వచ్చే ఏటికి పోగు కనపడదని ఆయనకు తెలుసు, భార్య నరసాయమ్మకు తెలుసు, ముక్కుకు ఆనించుకుని చూస్తాడు కాబట్టి నాకూ తెలుసు. మిగతావాళ్లు ముక్కలు దాచుకుంటున్నాడనుకున్నారు.

ఎదురుగా ముగ్గురు. బావమరిది గవరయ్యకు ఎదుటివాడి ముక్కలు చూడందే నిద్ర పట్టదు. మేనల్లుడు సోమేశం తన ముక్కలు చూసి తనే జడుసుకుంటాడు. పక్కింటి చిట్టెబ్బాయి ముక్కలు ఎత్తకముందే కండెలు విసురుతాడు.

మొదట్లోనే భద్రయ్య పొరపాటు చేశాడు. చేతిలో ఏమీ లేకుండానే దోసిళ్లతో కండెలు తోశాడు, గవరయ్య జడిసి ముక్కలు పారేసి తప్పుకుంటాడని.

"నాయి రెండ్ల జతే బావా. అయినా నీయి ఏటో సూడాల," అని గవరయ్య తనూ అన్నే కండెలు వేసి, ముక్కలు తిప్పించి చూశాడు. చూసి నవ్వాడు. భద్రయ్యకు సగం గంప పోయింది.

నరసాయమ్మ మజ్జిగ గ్లాసు పెడుతూ, "పట్టుకీ నూలుకీ ఒకటే దెబ్బ ఏత్తావేటయ్యా," అంది.

అక్కణ్ణించి భద్రయ్య మనిషికో ఆట ఆడాడు. గవరయ్యకు అబద్ధం చెప్పడం మానేశాడు. ఇస్పేటు వరస పడ్డప్పుడే దోసిళ్లు తోశాడు. గవరయ్య సూడాల సూడాల అంటూ చూసి, గంప బోర్లించుకుని లేచాడు. "నా తప్పేవుంది బావా, కళ్లు ఊరుకోవు," అన్నాడు.

చిట్టెబ్బాయి దగ్గర రాజుల జత పట్టుకుని, తుమ్ము రాబోతున్నవాడిలా మొహం పెట్టి ఒక్కొక్క కండే వేశాడు. "ఏం పెదనాన్నా, ఒణుకుతున్నావ్?" అని చిట్టెబ్బాయి ఉన్నదంతా కుమ్మరించాడు. కాసేపటికి గంప నెత్తిన బోర్లించుకుని వానలో ఇంటికి పోయాడు.

ఇక సోమేశం. తోస్తే చాలు పారేస్తాడు. అలాంటివాడు ఒక్కసారి గంప మొత్తం ముందుకు జరిపాడు. భద్రయ్య ముక్కు దగ్గర ఆసుల జత ఉంది. నేనైతే వదిలే పనే లేదు. ఆయన మాత్రం ముక్కలు బోర్లా పెట్టేశాడు.

"సూడవా మావా?" అడిగాడు సోమేశం.

"నువ్వు ఇంత తెగించావంటే అబద్ధం కాదురా."

సోమేశం మూడు తొమ్మిదులు పరిచి బిక్కమొహం వేశాడు. అంతటితో అతని ధైర్యం అయిపోయింది. తర్వాత భద్రయ్య ఉత్తచేత్తో తోసినా, "నాకొద్దులే మావా," అంటూ పారేస్తూ పొద్దు వాలేలోపు గంప ఖాళీ చేసుకున్నాడు.

ముసురు తగ్గింది, గుంటలు ఆరాయి. అమ్మవారి చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. భద్రయ్య సోమేశాన్ని పిలిచాడు.

"ఓడిపోయినోణ్ణి నేనెందుకు మావా?"

"భయం ఉన్నోడు పోగు తప్పడురా. కూకో."

చీర అంచులో హంస రెక్క నేస్తుండగా సోమేశం చెయ్యి ఆగింది. "ఇక్కడ పోగు తప్పింది మావా. నువ్వేసిందే." అనేశాక తనే జడుసుకున్నాడు. భద్రయ్య దబాయిస్తాడనుకున్నాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు కనపట్టంలేదురా," అన్నాడు.

సోమేశం ఆ పోగు విప్పి, కాస్త దగ్గరగా జరిగాడు. "నువ్వు సెప్పు, నేనేత్తాను."

చీర పూర్తయింది. అమ్మవారు కట్టుకుని ఊరేగింది. చెమ్మకు ఉబ్బిపోయి కలపడానికి పనికిరాని నేను గూట్లోనే ఉండిపోయాను. అరుగు మీద ఎవరో అడుగుతున్నారు, హంసలు నేసిందెవరని. మా సోమేశం అంటాడు భద్రయ్య. మా మావ అంటాడు సోమేశం. వాదన గంట నుంచి సాగుతోంది, ఇద్దరిలో ఎవరూ పారెయ్యడం లేదు.