మట్టి దులిపిన గొడుగు

వ్యాపారం మొదలుపెట్టిననాడు అతని చేతిలో ఉన్నవి ఒక వెదురుబుట్ట, ఒక వంకర కత్తి, తల్లి పోతూ పోతూ అప్పగించిన తమ్ముడు. కొండమీద పుట్టగొడుగులు ఏరి, మట్టి అంటిన మొదళ్ళు కత్తిరించి, శుభ్రంగా తుడిచి బజారులో అమ్మేవాడు. మట్టి కనిపిస్తే గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. తమ్ముడి చదువు ఆ కత్తి చలవే.

తమ్ముడూ పుట్టగొడుగుల్లోనే పడ్డాడు. కాకపోతే అమ్మడానికి కాదు, ఏది ఏ జాతిదో తేల్చే ప్రయోగశాలలో.

"నేను బుట్టలకొద్దీ అమ్ముతుంటే, నువ్వు ఒక్కోదానికీ కూర్చుని జాతకం రాస్తావేంట్రా!" అని అన్న ఏడిపించేవాడు.

ఒక వానాకాలం పై కొండమీద, దేవదారు చెట్ల కింద, తమ్ముడు ఏ పుస్తకంలోనూ లేని ఊదారంగు పుట్టగొడుగు చూశాడు. తెచ్చిన నమూనా ఆరేలోపే పురుగు పట్టి పాడైంది. నమూనా లేనిదే కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు. మళ్ళీ వానలు పడేసరికి ఊపిరితిత్తులు పాడై తమ్ముడు మంచం పట్టాడు. పోయేలోపు దాని సంగతి తేలిపోవాలని ఒకటే ఆరాటం.

"నువ్వు పడుకో, నేను తెస్తా. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన పని ఇదొక్కటేగా" అన్నాడు అన్న.

జారుతూ, లేస్తూ కొండెక్కాడు. గొడుగులు దొరికాయి. ఒక్కటీ వదలకుండా కోసి, పెళ్ళికూతుళ్ళలా ముస్తాబు చేసి తెచ్చాడు.

తమ్ముడు ఒకదాన్ని తిరగేసి చాలాసేపు చూశాడు.

"అన్నా, వీటి కాళ్ళేవి?"

"కాళ్ళేంట్రా? మట్టి మొదళ్ళేగా, అక్కడే కోసి పారేశా."

"మట్టిలో ఉండే ఆ మొదలు చూస్తేనే అన్నా, దీని వంశం తెలిసేది. దానికి సంచిలాంటి తొడుగుంటే ఒక జాతి, లేకపోతే ఇంకో జాతి."

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"పుట్టగొడుగుల గురించి నీకు నేను చెప్పేదేంటనుకున్నా." నవ్వబోతే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. "వండుకోకు మాత్రం. విషమో కాదో కూడా ఆ మొదలే చెప్పాలి."

తెల్లవారగానే అన్న మళ్ళీ కొండెక్కాడు. తాను కోసి పారేసిన మొదళ్ళను రాత్రి వాన వాగులో కలిపేసింది. కొత్తగా ఒక్క గొడుగూ లేవలేదు. మరుసటి వానల దాకా తమ్ముడు ఉండలేదు.

ఆ వానలకు అన్న కత్తి ఇంట్లో వదిలి కొండకు వెళ్ళాడు. వేళ్ళతో తవ్వి, మట్టిముద్దతో సహా తీసి, తమ్ముడు పనిచేసిన ప్రయోగశాలలో పెద్ద మేడమ్ బల్లమీద పెట్టాడు. కొన్నాళ్ళకు ఆవిడ కబురు చేస్తే వెళ్ళాడు.

"కొత్త జాతేనండీ. మీ తమ్ముడుగారి పేరే పెడుతున్నాం."

"పెట్టండమ్మా" అన్నాడు. గోళ్ళలో ఇరుక్కున్న మట్టి చూసుకున్నాడు.

అన్నీ పోగా అతనికి మిగిలింది ప్రయోగశాలలో ఆ నమూనా దాచిన అట్టపెట్టె మీద ఒక పేరు. ఇంటికొచ్చి ఆ పేరు పెట్టి పిలిస్తే, విసుక్కుంటూ "వస్తున్నానన్నా" అనేవాడు లేడు.