మట్టయ్య చేసిన బుష్

పేరుకే బక్కయ్య గానీ, కారు కింద దూరాలంటే పొట్ట లోపలికి పీల్చుకోవాల్సిందే. ఎల్బీనగర్ సందులోని రేకుల షెడ్డులో, శ్రీరామమూర్తి గారి పాత అంబాసిడర్ కింద వెల్లకిలా పడుకుని, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే లింకేజీలోంచి అరిగిన బుష్‌ను సుత్తితో మెల్లగా బయటికి కొట్టాడు.

ఈ బుష్‌లు బజారులో దొరకడం ఎప్పుడో మానేశాయి. ఇత్తడి గొట్టాన్ని లేతు మీద కోసి, లోపల రబ్బరు దట్టించి చేసుకోవాలి. నాలుగేళ్ల కిందట దీన్ని చేసింది మట్టయ్య. అతనిదీ బక్కయ్యదీ నల్గొండ దగ్గర ఒకే ఊరు, అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఒకే షెడ్డు. బిగించింది మాత్రం బక్కయ్య. మర్నాడే కారు ఎడమకు లాగుతోందని మూర్తిగారు వెనక్కి తెచ్చారు.

"వంకర బుష్ చేసి నా పేరు ఖరాబ్ చేస్తివి గదరా," అని బక్కయ్య నలుగురి ముందు మట్టయ్య మీద అరిచాడు. మట్టయ్య చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు, మళ్లీ షెడ్డుకు రాలేదు. మొహమాటపడిన మూర్తిగారు కూడా "పర్లేదులే, ఇలాగే నడుపుకుంటాను" అని కారు తీసుకెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ బుష్‌ను గుడ్డతో తుడిచి వెలుతురులో చూశాడు. ఇత్తడి చక్కగా గుండ్రంగా ఉంది. లోపలి రబ్బరే ఒక పక్కకు మెలిపడి ఉంది. చక్రాలు తిన్నగా పెట్టి బిగించాల్సిన నట్టును, అవి పక్కకు తిరిగి ఉండగా బిగిస్తే అంతే, రబ్బరు మెలిపడి కారు పక్కకు లాగుతుంది. షెడ్డులో అందరికీ ఆ పాఠం చెప్పేది బక్కయ్యే. ఆ రోజు తొందరలో మరిచిందీ అతనే.

చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుని, తనే లేతు మీద చేసుకున్న కొత్త బుష్ బిగించాడు.

"సార్, జర నాగోల్ దాంక నడిపి చూద్దాం," అన్నాడు బయట కూర్చున్న మూర్తిగారితో.

మట్టయ్య అక్కడొక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా ఉన్నాడని బక్కయ్య ఎప్పుడో విన్నాడు. తప్పు నాదేనని చెప్పాలి, చేతులు పట్టుకుని షెడ్డుకు రమ్మనాలి. కారు తిన్నగా పోతుంటే మూర్తిగారు మురిసిపోయారు. బక్కయ్య జేబులోని పాత బుష్‌ను తడుముకుంటూ కూర్చున్నాడు.

ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్టూలు మీద మట్టయ్య భార్య లచ్చమ్మ ఉంది.

"మట్టయ్య ఏడి చెల్లె?"

"పోయిండన్నా. గుండెపోటు. రెండు నెల్లాయె. ఆయన బదులు నేనే కాస్తున్న."

బక్కయ్య జేబులోంచి బుష్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తప్పు నాదే. చక్రం తిరిగి ఉండంగ బిగించిన."

"ఆయనకెర్కే," అంది లచ్చమ్మ. "గా దినమే ఇంటికొచ్చి చెప్పిండు. తప్పు నీదని నలుగుర్ల అంటే నీకాడికి కార్లు రావని ఊకున్నడు. నువ్వొస్తవని మస్తు దినాలు చూసిండు."

షెడ్డు నుంచి ఇక్కడికి పావుగంట దారి. నాలుగేళ్లలో బక్కయ్య ఒక్కసారీ రాలేకపోయాడు.

రోడ్డు మీద మూర్తిగారు హారన్ కొట్టారు. బక్కయ్య తల వంచుకుని కారెక్కాడు. లోపలికి ఎవరిదో స్కూటర్ వస్తే, లచ్చమ్మ లేచి, చేతిలోది అక్కడే పెట్టి గేటు తీయడానికి వెళ్లింది. ఇత్తడి బుష్ స్టూలు మీద ఉండిపోయింది.