రేడియేటర్‌లో పసుపు

నేను ఒక పెద్ద పికప్ బండిని. వెనక నిండా లోడు వేసుకుని కొండల్లో ఘాటీ రోడ్డు ఎక్కడానికే నన్ను తయారుచేశారు. గొప్పకు చెప్పడం లేదు. తరువాత జరిగినదంతా ఆ ఘాటీ మీదే జరిగింది కనుక ముందే చెబుతున్నాను.

ఫ్యాక్టరీ సంగతులు నాకు పెద్దగా గుర్తులేవు. ఒకేలాంటి బండ్లం ఎండలో వరసగా నిలబడి ఉండటం ఒక్కటే గుర్తు. అక్కడి నుంచి నన్ను కడియం నర్సరీల దగ్గరకు తెచ్చుకున్నవాడు సూరిబాబు. తొమ్మిదేళ్ళు అతని చేతిలో ఉన్నాను. గులాబీ అంట్లు, కొబ్బరి మొక్కలు, మట్టి కుండీలు మోశాను. మొక్కలకు నీళ్ళు పోసి మరీ ఎక్కించేవారు. ఆ నీళ్ళు కారి కారి నా అడుగు రేకు తుప్పుపట్టింది. బరువు మోసే కమాన్ కట్టలు రెండుసార్లు, క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చారు. నాకు ఏ జబ్బు వచ్చినా సూరిబాబు చెవితోనే పట్టేవాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని ఉండగా ఇంకెవరైనా నన్ను స్టార్ట్ చేస్తే, మూడో ఇంజెక్టర్ సరిగ్గా కొట్టడం లేదని అక్కడి నుంచే చెప్పేవాడు. మనుషులు ఇంట్లోవాళ్ళ దగ్గును అంత శ్రద్ధగా వింటారో లేదో నాకు తెలియదు.

తొమ్మిదో వేసవిలో హెడ్ గ్యాస్కెట్ కాలింది. ఇంజిన్‌కు, దాని పైమూత అయిన హెడ్డుకు మధ్య ఉండే పలచటి రేకు అది. అది పోతే నీళ్ళు ఉండవలసిన చోట ఉండవు, ఇంజిన్ కాగిపోతుంది. ఖాళీగా చదును రోడ్డు మీద తిరిగితే ఏమీ బయటపడదు. మెకానిక్ జిలాని హెడ్డు దింపాలన్నాడు, వారం పడుతుందన్నాడు. సూరిబాబు అప్పటికే కొత్త బండి చూసుకుని ఉన్నాడు. దింపక్కర్లేదు, అమ్మేద్దాం అన్నాడు. జిలాని చేతిలోని పానా తుడిచి పక్కన పెట్టాడు.

రేడియేటర్ కారకుండా అందులో గుప్పెడు పసుపు పోశారు. డ్రైవర్లకు తెలిసిన చిట్కానే. దారిలో కారితే ఇల్లు చేరేదాకా ఆదుకుంటుంది. తరువాత వేడి చూపించే మీటరు తీగ కోసి, ముల్లు ఎప్పుడూ సగంలోనే నిలబడేలా కట్టారు. కాగిపోతున్నానని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ముల్లు ఒక్కటే.

కొనడానికి వచ్చినవాడు వంతల సింహాద్రి, మన్యం మనిషి. పదేళ్ళుగా పరాయి బండ్లు తోలుతున్నాడు. వాళ్ళ ఊరు లోయలో ఉంది. కడియం వైపు నుంచి దారి చదునే, సంతకు పోవాలంటే మాత్రం ఘాటీ ఎక్కాల్సిందే. దళారి చెప్పిన ధరకు ఇవ్వకుండా ఈ ఏడు అల్లం తామే సంతకు తీసుకుపోదామని అయిదిళ్ళవాళ్ళు అనుకున్నారు. అల్లం తవ్వి ఉంచి సింహాద్రి తెచ్చే బండి కోసం చూస్తున్నారు. ఇదంతా అతను సూరిబాబుకు దాచకుండా చెప్పాడు. టైర్లు నొక్కి చూశాడు, కిందకు దూరి చూశాడు, రోడ్డు మీద నడిపి చూశాడు. కాలువ వంతెన తప్ప కడియంలో ఎత్తు ఎక్కడుంది? చివరికి ఒక్కటే అడిగాడు.

"లోడుతో ఘాటీ ఎక్కుతాదా అన్నా? స్టీరింగ్ మీద చెయ్యేసి చెప్పు."

పొద్దున్నే కళ్ళకద్దుకుని పట్టుకునే స్టీరింగ్ మీద చెయ్యివేసి ఏ డ్రైవరూ అబద్ధమాడడని సింహాద్రి నమ్మకం. సూరిబాబు చెయ్యి వేశాడు.

"కళ్ళు మూసుకుని ఎక్కుద్దయ్యా."

బండ్లు చేతులు మారతాయి. అమ్మినందుకు నాకు బాధ లేదు. కానీ తొమ్మిదేళ్ళు నన్ను నడిపిన చెయ్యి అది.

మొదటి లోడుకే, పదకొండో మలుపులో, నాలో నీళ్ళు అయిపోయాయి. ఏదో తేడాగా ఉందని సింహాద్రికి అనిపించింది. రెండుసార్లు మీటరు వైపు చూశాడు. ముల్లు సగంలోనే ఉంది. దాన్ని నమ్మి ముందుకు తోలాడు. ఇంజిన్ పట్టేసి ఆగిపోయింది. ఆ అయిదిళ్ళవాళ్ళలో ఒకరైన ఆదమ్మ వెనక అల్లం బస్తాల మీద నుంచి దిగి, చక్రం కింద రాయి పెట్టింది. సగం అల్లం ఆమెదే.

"కావిడేసుకుని నడిసినా ఈపాటికి సంతలో ఉందుమురా సింహాద్రీ" అంది.

మధ్యాహ్నానికి దళారి లారీ ఆ దారినే వచ్చింది. అల్లం అతని ధరకే, అక్కడే, రోడ్డు మీదే పోయింది. సింహాద్రి బస్తాలు తానే మోసి ఆ లారీలోకి ఎక్కించాడు.

నన్ను లాక్కెళ్ళిన చింతపల్లి వర్క్‌షాపులో రేడియేటర్ విప్పితే పసుపు ముద్దలుగా వచ్చింది. కోసిన తీగ కూడా కనబడింది. ఇంజిన్ బ్లాకు పగిలింది, ఇక లాభం లేదన్నారు. సింహాద్రి కడియానికి ఫోన్ చేశాడు. తిట్టలేదు.

"హెడ్డు పోయిందని ఒక్క మాట సెప్పుంటే, బాగు సేయించుకుని తోలుకుందును గదన్నా. బండి నచ్చినాది నాకు."

అవతలి నుంచి ఏం వచ్చిందో నాకు వినబడలేదు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, కోసిన తీగను చేతిలోకి తీసుకున్నాడు.

ఇప్పుడు వర్క్‌షాపు వెనక ఇటుకల మీద ఉన్నాను. విడిభాగాల కోసం మనుషులు వస్తుంటారు. సింహాద్రి మళ్ళీ పరాయి బండి తోలుతున్నాడు. తీరిక దొరికితే ఇక్కడికి వచ్చి, వచ్చినవాళ్ళకు దగ్గరుండి చెబుతాడు. గేర్‌బాక్స్‌లో మూడో గేరు జారుతుందని, ఎడమ తలుపు వానకు కారుతుందని, డైనమో మాత్రం బాగుందని. సగంమంది విని వెళ్ళిపోతారు. ఇలా చెబితే ఎవడు కొంటాడని ఇక్కడి మెకానిక్ అతన్ని కసురుకుంటాడు. సింహాద్రి నవ్వడు, మానడు.

నిన్న ఒకతను గేర్‌బాక్స్ తీసుకెళ్ళాడు. అంతా విన్నాడు. తెలిసే తీసుకెళ్ళాడు.