అన్న కిరీటం

జెలెన్‌గోర్ కొండరాజ్యంలో ముసలి రాజు పోగానే కిరీటం పెద్దకొడుకు రద్మిలోకి దక్కింది. పుట్టడంలో ఏడాది వెనకబడ్డ తమ్ముడు వూక్సన్‌కి కడుపు రగిలిపోయింది. గుర్రపు స్వారీలో తనకు సాటి లేరు. నలుగురిలో మాట్లాడితే చప్పట్లన్నీ తనకే. అన్నకేమో కళ్లద్దాలు తీస్తే ఎదుటి మనిషి ఆనడు. విందుల్లో మంత్రుల్ని వదిలేసి వడ్రంగులతో ముచ్చట్లాడుతుంటాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు చొరబడితే సైన్యం మంచుకొండల మీదుగా సముద్రం వైపు తప్పుకుంది. రద్మిలో తన గుర్రాన్ని కాలు పోయిన సిపాయికిచ్చి నడిచాడు.

"నాటకాలు!" అని వూక్సన్ పళ్లు కొరికాడు. మర్నాడు తనూ గుర్రం దిగి నడిచాడు. ఎవరూ చూళ్లేదు.

యుద్ధం ముగిసింది. రద్మిలో పెద్ద జమీల భూములు రైతులకు పంచాడు. ఇంటింటా అతని బొమ్మ వెలిసింది. ఆ బొమ్మలు కనబడ్డ చోటల్లా వూక్సన్ తల తిప్పుకునేవాడు.

భూములు పోయిన సేనాపతి స్ట్రాహిన్య ఓ సాయంత్రం ప్లమ్ పళ్ల సారా సీసాతో వచ్చాడు. "మీ అన్నగారికి మతి చలించిందని ఒక్క మాటనండి దొరా. మిగతాది మేం చూసుకుంటాం."

వూక్సన్ గ్లాసు ఖాళీ చేశాడు. "అంటాను."

సేనాపతి మనుషులు కోటను చుట్టుముట్టారు. రద్మిలో రక్తపాతం వద్దని కిరీటం వదిలేశాడు. దేశం విడిచి వెళ్లేందుకు చిన్న పెట్టెతో స్టేషన్‌కి వచ్చాడు. రైలు దగ్గర వూక్సన్ ఉండబట్టలేక అడిగేశాడు.

"నా మీద కోపం రావట్లేదా అన్నయ్యా?"

"చిన్నప్పట్నించీ నీ కళ్లు ఆ కిరీటం మీదేగా. అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదరా!"

తిట్టినా అంత మండేది కాదు.

కిరీటం పెట్టుకుని వూక్సన్ రోడ్లేయించాడు, ఆసుపత్రులు కట్టించాడు. సంతలకెళితే గొర్రెల కాపర్లు టోపీలు తీసి, "అన్నగారు కులాసానా దొరా? ఎప్పుడొస్తారు?" అనేవారు. అన్నేమో పరాయి దేశంలో తేనెటీగలు పెంచుకుంటూ సుఖంగా ఉన్నాడట. అది విన్న రోజున వూక్సన్‌కి ముద్ద దిగలేదు.

చివరికి రద్మిలో శవపేటికలో తిరిగొచ్చాడు. రాజధాని అంతా రోడ్డు మీదే ఉంది. సైనికులు పేటికను చర్చి మెట్ల మీద దింపారు. నల్లకోటులో, తల మీద ఏమీ లేకుండా వూక్సన్ దాని పక్కన నిలబడ్డాడు. ఏడ్చే జనాన్ని చూస్తుంటే, చచ్చిన అన్న మీద కూడా అసూయ పుట్టింది. సిగ్గూ వేసింది.

ఒక ముసలామె మోచేత్తో అతన్ని పొడిచింది.

"కాస్త జరుగు నాయనా! రాజుగారిని చూడనీ."

వూక్సన్ జరిగి దారిచ్చాడు.